చింతమానుకు కట్టిన జెండా

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు పోయే దారిలో, మా ఊరి మలుపు దగ్గర ఒక ముసలి చింతమాను ఉండేది. దాని తొర్రలో ఎనిమిది మంది కబడ్డీ ఆడొచ్చని బయటూరివాళ్ళకు గొప్పలు చెప్పేవాణ్ణి. నిజానికి ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడి కాళ్ళు ఎండలో ఉండేవి. ఆ చెట్టు ఎవరిదీ కాదు. రెండు పార్టీలవాళ్ళూ దాని కిందనే, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బస్సు కోసం నిలబడేవాళ్ళు. కొమ్మల్లో చిలకలు, తొర్రలో చిన్న గుడ్లగూబలు. రాలిన కాయ ఏరి అమ్ముకునే అవ్వ ఒకామె రోజూ దాని మొదలు ఊడ్చేది.

ఒకరోజు ఇటుకబట్టీ ఆసామి ఒకడు రంపాలతో, కూలీలతో దిగాడు. పోరంబోకు చెట్టు, అడిగేవాడెవడన్నాడు. అవ్వ మానుకు అడ్డం నిలబడింది. నాకు నోరు తప్ప వేరే ఆయుధం లేదు.

"ఏమప్పా, ఏ మాను మీద చెయ్యేస్తాండావో తెలుసునా? మా పెద్దాయన పడుచుతనంలో, పులివెందుల కాడ్నుంచి కత్తులోళ్ళు తరుముకుంటా వస్తే, మూడు దినాలు ఈ తొర్రలోనే దాక్కున్యాడు. ఆయన పానం కాసిన చెట్టప్పా ఇది!"

పెద్దాయనంటే అప్పట్లో గెలిచిన పార్టీకి మా వైపు నాయకుడు. ఆయన ఆ తొర్రను చూసినవాడు కూడా కాదు. ఆసామి మొహం పాలిపోయింది.

"ముందే చెప్పకూడదా మామా" అంటూ రంపాలు ట్రాక్టర్లో వేసుకుని పోయాడు.

నేను అంతటితో ఊరుకున్నానా? పార్టీ జెండా తెచ్చి మానుకు కట్టాను.

అవ్వ నవ్వలేదు. "చెట్టుకు పార్టీ ఏందిరా? ఇన్నాళ్ళూ అందరిదీ. ఇంక సగమూరికి పగోళ్ళ చెట్టయితాది."

"నీకు తెలీదులేవ్వా. జెండా ఉంటే ఎవుడూ ముట్టడు."

కథ నన్ను మించి ఎదిగింది. ఊరేగింపులు అక్కడ ఆగి టెంకాయలు కొట్టసాగాయి. చివరికి పెద్దాయనే వచ్చి, తొర్రలోకి తొంగి చూసి, "అవును, ఈడనే" అన్నాడు. శానా మురిసిపోయాను.

తర్వాతి ఎన్నికల్లో ఆ పార్టీ ఓడింది. మా సీమలో గెలిచినవాళ్ళ కోపం మొదట చెట్ల మీదికే పోతుంది. ఓడినవాళ్ళ చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, నేలకొరుగుతాయి. అది తెలిసినవాణ్ణే నేను. ఫలితాల మరుసటి రోజు పట్టపగలు జనం గొడ్డళ్ళతో వచ్చి మాను మీద పడ్డారు. కథ అబద్ధమని ఒక్క కేక వేస్తే ఆగేవాళ్ళేమో. వేస్తే పెద్దాయన మనుషులు నన్నేం చేస్తారోనని గోడ చాటున నిలబడ్డాను. అవ్వ ఒక్కతే అరిచింది. ఆమెను పక్కకు లాగేశారు.

ఏండ్ల తర్వాత అటవీశాఖవాళ్ళు ఉన్నవీ పోయినవీ పాత చెట్ల వివరాలు రాసుకుంటూ మా ఊరికొచ్చారు. తొర్ర ఎంత ఉండేదని నన్నే అడిగారు. అందరూ కబడ్డీ కథ కోసం నా వైపు చూశారు.

"ముగ్గురు పట్టేటంత సార్" అన్నాను.

ఎవరు కొట్టేశారని అడిగితే, పక్కనున్నవాళ్ళు ఒక్కో పేరే చెప్పారు. నా పేరు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.