తూమమ్మ, పెరటి మట్టి

మా కోడలు మొదటి గెలుపు ఒక గాజుగ్లాసుతో గెలిచింది.

బ్యాటరీలు, లారీలు బాగుచేసే షెడ్ల వీధి మాది. వాన అరుదు. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, సీసం పొడి తొలివానకు ఒక్కసారిగా కొట్టుకొస్తాయి. ఆ నీరు నేరుగా వాగులో కలవకుండా వీధి చివర గుంట తవ్వారు. దాని గట్టుకు రాళ్ళు పేర్చిన మేస్త్రీని నేనే. పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. నా గట్టు ఇంతవరకూ ఒక్కచోటా చెమ్మగిల్లలేదు. నీటిని గుంటలో నిలిపి, మడ్డి అడుక్కి దిగాక, పైపై తేటను తూము పలకలు తీసి వదలాలి. ఆ కాపలా ఉద్యోగం మా కోడలిది.

ఆమె చేరిన ఏడాది, తొలివానకే దిగువ బావులవాళ్ళు కర్రలతో వచ్చారు.

"బావులెండి మేం చస్తుంటే నీళ్ళు కట్టేసి చోద్యం చూస్తున్నావా? తియ్ పలకలు!"

ఆమె గుంటనీరు గ్లాసుతో ముంచి గట్టు మీద పెట్టింది. "రేపు పొద్దున దీన్ని చూసి మాట్లాడదాం, బాబాయ్. అంత తొందరైతే మొదటి గుక్క మీదే."

ఎవరూ తాగలేదు. తెల్లారేసరికి గ్లాసు అడుగున నల్లటి మడ్డి. తెచ్చిన కర్రలు ఊతకర్రలయ్యాయి. ఆ రోజు నుంచి ఆమె వీధికంతా తూమమ్మ.

మడ్డి ఎండి గాలికి లేవకముందే, తడి మీదే గీకించి, కుప్పపోయించి, పైన టార్పాలిన్ కప్పించడమూ ఆమె తెచ్చిన పద్ధతే. ఆ కుప్పను తీసుకుపోవాల్సిన లారీ మాత్రం కిందటేడు రాలేదు. ఆఫీసు చుట్టూ తిరిగి ఆమె చెప్పులరిగాయి.

ఈ ఎండాకాలం మా మనవరాలు పాలిపోయింది. కడుపునొప్పి, అయినదానికీ కానిదానికీ ఏడుపు. రక్తపరీక్ష చేయించిన డాక్టరు, "మీ ఇంట్లో బ్యాటరీ పని ఎవరైనా చేస్తారా? పిల్ల ఒంట్లో సీసం చేరింది" అన్నాడు. మా ఇంట్లో ఎవరూ చెయ్యరు.

ఇంటికి రాగానే కోడలు నేరుగా పెరట్లోకి నడిచింది. పిల్ల పొద్దస్తమానం ఆడేది అక్కడి ఆకుకూర మడి దగ్గరే. ఒక మట్టిపెళ్ళ తీసి చిదిమింది. లోపల బ్యాటరీ పెంకు ముక్క.

"అత్తయ్యా, ఈ మట్టి ఎక్కడిది?"

"నువ్వు కుప్పపోయించిందేనమ్మా," అంది మా ఆవిడ. "చెరువు ఒండ్రు చేనుకి బంగారం అనేది మా అమ్మ. ఊరికే పడుందని నాలుగు తట్టలు తెచ్చాను. కూర ఎంత ఏపుగా వచ్చిందో చూశావుగా!"

కోడలు గొంతుక్కూర్చుని మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకి గోనెలో కుక్కసాగింది. పిల్ల ఒంట్లోని సీసం ఈ మట్టిదేనని అర్థమై మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"తిట్టవే. నోరు తెరిచి ఒక్క మాట తిట్టు!"

"తిడితే దాని ఒంట్లోది దిగుతుందా, అత్తయ్యా? ఇంకెవరు తీసుకెళ్ళారో అది చెప్పండి."

"ఎవరేంటి, వీధిలో సగంమందికి నేనే చెప్పాను..."

ఆ సాయంత్రమే కోడలు గడప గడపకూ తిరిగి మా ఇంటి సంగతి తన నోటితోనే చెప్పింది. బ్యాటరీ షాపతను పళ్ళికిలించాడు.

"కంచే చేను మేసిందన్నమాట, తూమమ్మా!"

"మేసింది, అన్నయ్యా. మీ పెరట్లోనూ మేస్తోంది. పిల్లలున్న ఇల్లు, తట్ట పట్టుకుని రండి."

అతని నవ్వు ఆగిపోయింది. చీకటిపడేలోగా మట్టంతా కుప్పకు తిరిగొచ్చింది. నేను కట్టిన గోడలూ గట్లూ అన్నీ ఒకెత్తు, ఆ పూట మా కోడలు చేసిన పని ఒకెత్తు.

మర్నాడే పిల్లను తీసుకుని పెద్దాసుపత్రికి బయల్దేరింది. మందులతో సీసం కొంత బయటికి పోతుందట. ఎంత అని అడిగితే డాక్టరు మాట మార్చాడు. బస్సెక్కుతూ తూము తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"వాన పడితే, మడ్డి దిగేదాకా ఎవరేమన్నా పలకలు తియ్యకండి, మావయ్యా."

ఇప్పుడు మబ్బు పడుతోంది. గట్టు మీద నేను, కుప్ప దగ్గర మా ఆవిడ. కోడిని కూడా ఆ మట్టి దరిదాపులకు రానివ్వడం లేదు. ఫోను మోగితే నాకంటే ముందే లేచి, ఎత్తడానికి మాత్రం నాకిస్తుంది.

రెండో పరీక్షలో సీసం తగ్గిందని తేలితే, వాళ్ళు ఈ నెల ఇరవై ఆరున, శుక్రవారం, ఇంటికి వస్తారు.