వంకాయ మీదకి నెట్టిన తప్పు

ఇన్నేళ్ళూ ఇది గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అమలాపురంలో మా ఇంట్లోనే పసిపిల్లలకి నీళ్ళ సబ్బు చేసి అమ్ముతాను. నురగ కోసం అందులో కలిపేది డబ్బాల్లో వచ్చే గ్లూకోసైడ్ అనే చిక్కటి ద్రవం. కొబ్బరినూనె, చక్కెరల నుంచి తీస్తారు. మంచిదే, చంటిపిల్లలకీ పనికొస్తుంది. కాకపోతే కొలత ప్రకారం నీళ్ళు పొయ్యాలి, నిమ్మ ఉప్పు వేసి ఘాటు తగ్గించాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి చేసేను చూడండి, అదే నన్ను తినేస్తోంది.

నా దగ్గర కొనేవాళ్ళకి నురగ రాకపోతే అది సబ్బే కాదు. "నురగేదండీ?" అని మొహం మీదే అడిగేసరికి నాకు రోషం వచ్చింది. ఆ విడత ద్రవం రెట్టింపు పోసేను. నిమ్మ ఉప్పు వెయ్యనేలేదు. కొబ్బరిదేగా, ఏమవుతుందిలే అనుకున్నాను. మొదటి సీసా కొత్తపేటలో మా తమ్ముడి కొడుక్కే ఇచ్చేను. నెలల పిల్లాడు.

వారం తిరక్కుండా వాడి మెడ మడతలు ఎర్రగా రేగిపోయేయి. గుక్కపట్టి ఏడుపు. పాలిచ్చే తల్లి పత్యం తప్పి వంకాయలాంటివి తింటే పిల్లాడి ఒంటి మీద తేల్తుందని మా ఇళ్ళల్లో నమ్మకం. అమ్మ పిల్లాడి తల్లిని, మా మరదల్ని, నిలదీసింది. తను నా దగ్గరకొచ్చి మెల్లిగా అడిగింది.

"వదినగారూ, మీ సబ్బు వల్లేమోనండీ?"

"కొబ్బరి ఎక్కడైనా చెడు చేస్తుందా? నువ్వేం తిన్నావో గుర్తు చేసుకో."

"ఆయ్... మొన్న గుత్తొంకాయ ఒక్కటి తిన్నానండీ."

చెయ్యని నేరం తనే ఒప్పుకుంది! అమ్మ అందరి ముందూ తిట్టిపోసింది. నేను చప్పుడు చెయ్యకుండా ఆ సీసా తీసేసి, కొలత ప్రకారం చేసింది పెట్టేసేను. పిల్లాడికి తగ్గింది. "చూశావా, వంకాయ మానేస్తే తగ్గింది," అంది అమ్మ. నేను తలూపేను.

ఎందుకు చెప్పలేదు? బేరాలు పోతాయనా? అమ్మ దగ్గర చులకనవుతాననా? కాదేమో. ఇంటికొచ్చిన కోడలి మీద తప్పు తేలిగ్గా నిలబడుతుంది, అంతే. ఛీ, ఏం మనిషిని నేను!

పిల్లాడిప్పుడు బడికెళ్తున్నాడు. మొన్న వాళ్ళింట్లో భోజనం. మరదలు అందరికీ గుత్తొంకాయ వడ్డించింది, తను వేసుకోలేదు. "వీడి ఒళ్ళు అలా చూసిన దగ్గర్నుంచీ నోట్లోకి పోదండీ వదినగారూ," అంది. నా కంచంలో వంకాయని పక్కకి నెట్టేను. అప్పుడైనా చెప్పేనా? లేదు.

పిల్లాడి ఒళ్ళు రేగింది నా సబ్బుకి. మా మరదలు ఏ తప్పూ చెయ్యలేదు. ఇది రాసేక కాస్త ఊపిరాడుతోంది. తను మాత్రం ఇంకా వంకాయ తినడం లేదు.