విన్న ఆయ్, వచ్చే ఆయ్

మొన్న శుక్రవారం ఉదయం బడి గేటు దాటగానే తడి గడ్డి మీద పడ్డ సున్నపు పొడి వాసన తగిలింది. అంతకుముందే చిన్న వాన కురిసి వెలిసింది. మా బడికి కొత్తగా వచ్చిన వ్యాయామం టీచరుగారు పరుగు పోటీల కోసం మైదానంలో గీతలు వేయిస్తున్నారు. నేను లెక్కలు చెబుతాను. స్టాఫ్ రూముకు దగ్గర దారి ఆ మైదానం మధ్యలోంచే. అయినా గీతలన్నీ తప్పించుకుని, గోడ వారగా చుట్టు తిరిగి వెళ్లాను. నాతో నడుస్తున్న సైన్సు టీచరుగారు ఎందుకని అడిగారు. అలవాటండీ అన్నాను. అంతకంటే చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి. ఆయన్ని ఇక్కడ ఎవరూ ఎరగరు. "గీత మీద కాలు పెడితే, గీసినోని నడుము మీద పెట్టినట్లు పాపా" అనేవారు ఆయన.

ఆయన ఓబులేసు మాస్టారు. కొత్తపేటకు కాస్త దూరంలో, కాలవ గట్టున ఉన్న మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకు డ్రిల్లు మాస్టారుగా వచ్చారు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఆయన అనంతపురం వైపు మనిషి. పొడుగ్గా, ఎండకు కమిలిన రంగులో, ఎప్పుడూ మెళ్లో విజిలుతో ఉండేవారు. ఆయన మాట మా ఊళ్లో ఒక వింత అయిపోయింది. "యాడికి పోతాండావు" అని ఆయన ఒకసారి అంటే మా క్లాసు వారం రోజులు అదే అనుకుని నవ్వింది. ఆయన ఒంటరి మనిషి. భార్య పోయిందనేవారు కొందరు, అసలు పెళ్లే కాలేదనేవారు కొందరు. అడిగినవాళ్లు మాత్రం లేరు. కొబ్బరికాయల కొట్టు వెనక ఒక గది అద్దెకు తీసుకుని తనే వండుకునేవారు. ఆదివారం ప్రార్థన మందిరంలో మా ఆరాధన ముగిసి మేము బయటికి వచ్చే వేళకు, ఎదురుగా తాళం వేసి ఉన్న బడి వరండాలో కూర్చుని వాలీబాల్ నెట్టు చిరుగులు ముడివేసుకుంటూ కనబడేవారు. సెలవునాడు కూడా ఆయనకు వెళ్లడానికి బడి తప్ప ఇంకో చోటు లేదు.

ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియలేదేమో. ఎందుకంటే నాకూ ఇంకో చోటు లేదు. నేను పాస్టరుగారి అమ్మాయిని. మా సంఘంలో నన్ను అందరూ ప్రేమించేవారు, ఎవరూ నాతో ఆడేవారు కాదు. సినిమా కబుర్లు చెప్పుకుంటున్న ఆడపిల్లలు నేను వెళ్లగానే పాఠం గురించి మాట్లాడేవారు. వాళ్లు నా మీద గౌరవంతోనే అలా చేశారు. గౌరవం కూడా మనిషిని పక్కన పెడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు మా క్లాసు అల్లరి చేసిందని మాస్టారు అందరినీ మైదానం చుట్టూ పరిగెత్తమన్నారు. "నేను చెప్పేంత వరకు ఆపొద్దు" అన్నారు. అంతలో హెడ్మిస్ట్రెస్ గారు పిలిస్తే ఆఫీసు గదికి వెళ్లి అక్కడే ఉండిపోయారు. రెండు చుట్లయ్యేసరికి అందరూ పంపు దగ్గర కూలబడ్డారు. నేను పరిగెడుతూనే ఉన్నాను. ఆయన తిరిగి వచ్చి, చేయి అడ్డం పెట్టి ఆపారు.

"ఎన్ని చుట్లు?"

"పదకొండండి."

"ఎవురు చెప్పినారు అన్ని?"

"మీరు ఆపమనలేదండి."

పంపు దగ్గరివాళ్లు నవ్వుతున్నారు. "ఆయాసం యాడ దాచిపెడితివి పాపా?" అన్నారు మాస్టారు. ఆ రోజు నుంచి ఉదయం బడి గంటకు ముందు నేను పదిహేను వందల మీటర్లు పరిగెత్తడం మొదలైంది. మా మైదానానికి ఏడున్నర చుట్లు. చూసేది ఆయనొక్కరే. ఒక్కో చుట్టుకూ పట్టిన సెకన్లు నాతోనే కాగితం మీద రాయించి, సగటు తీయించేవారు.

నేను లెక్కల టీచరునవడం కూడా అక్కడే మొదలైంది. ఆయన, అడుగున చిల్లులు పొడిచిన పాల డబ్బాలో సున్నం పోసి, దాన్ని కర్రతో తట్టుకుంటూ గీతలు వేసేవారు. మైదానానికి ఒక పూర్తి చుట్టు పరుగుకు, బయటి గీతలో వాళ్లను లోపలివాళ్ల కంటే ముందు నిలబెట్టాలి కదా. ఆయన సరిగ్గా ఎనిమిది అంగలు వేసి గుర్తు పెట్టేవారు. "ఎందుకండీ ఎనిమిది?" అన్నాను. "నాకు నేర్పినోడు ఎనిమిది వేసినాడు. యాలనో నాకు తెలీదు. నీకు లెక్కలొస్తాయి గదా, చేసి చెప్పు" అన్నారు. పిల్లల ముందు తెలీదని చెప్పిన మాస్టారిని నేను అంతకు ముందు చూడలేదు.

మూడు రోజులు పట్టింది. మా గీతకూ గీతకూ మధ్య మీటరు. లోపలి చుట్టు వ్యాసార్థం ఎంతైనా, బయటి చుట్టు పొడవులోంచి లోపలిది తీసివేసేసరికి అది ఎగిరిపోతుంది. మిగిలేది ఆరు మీటర్ల పావు, ఆ పైన ఒక పిసరు. ఆయన అంగలతో కొలిస్తే ఎనిమిది. కాగితం చూపిస్తే రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "అంటే గ్రౌండు పెద్దదైనా చిన్నదైనా బయట నిలబడినోనికి ఇయ్యల్సింది ఒకటే" అన్నారు. నేను ఇప్పటికీ ఆ పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని మైదానంలోకి తీసుకెళ్లి ఆ వాక్యంతోనే మొదలుపెడతాను.

పదో తరగతిలోకి వచ్చాక హెడ్మిస్ట్రెస్ గారు ఆటల పీరియడ్లను ఒక్కొక్కటిగా లెక్కలకూ సైన్సుకూ ఇచ్చేశారు. మాస్టారు ఆఫీసు గదికి వెళ్లి వారానికి ఒక్కటైనా వెనక్కి ఇమ్మని అడిగేవారు. "ఆయ్, చూద్దామండీ" అనేవారు ఆవిడ. ఆయన సంతోషంగా బయటికి వచ్చేవారు.

ఆ కార్తీకంలో అమలాపురంలో డివిజన్ పోటీలు పెట్టారు. మా బడి నుంచి పదిహేను వందలకు నా పేరొక్కటే పంపారు మాస్టారు. న్యూస్ పేపరు మీద నా పాదం గీసుకుని, ఆ కొలతకు ఇంకో బడి మాస్టారి దగ్గర బూట్లు అడిగి తెచ్చారు. గురువారం సాయంత్రం నన్ను పిలిచారు.

"శనివారం పొద్దున ఆరు గంటలకు కొత్తపేట బస్టాండులో ఉంటా. వస్తావు గదా పాపా?"

"ఆయ్" అన్నాను.

మా వైపు ఆ మాట నోట్లోంచి దానంతటదే వస్తుంది. పెద్దవాళ్లు ఏం చెప్పినా ఆయ్ అంటాం. సరేననీ కావచ్చు, మీ మాట నా చెవిన పడిందనీ కావచ్చు. నాది రెండోది. పోటీల్లో కాళ్లు కనబడే బట్టలు వేసుకోవాలని ఎవరో అన్నారు. నాన్నగారు ఒప్పుకోరని నాకు నేనే అనుకున్నాను. అడగలేదు. రానని మాస్టారికీ చెప్పలేదు. శనివారం పొద్దున మందిరంలో చాపలు దులుపుతూ, ఆయన వెళ్లిపోయి ఉంటారులే అనుకున్నాను.

ఆయన వెళ్లలేదు. ఆరు గంటల బస్సు వదిలేశారు. తరవాతిది వదిలేశారు. పది గంటలకు బూట్లు సంచిలో పెట్టుకుని ఊళ్లోకి తిరిగొచ్చారు. ఆ బస్టాండులో టీ తాగుతూ ఆయన్ని చూసిన మా అటెండరు వెంకట్రావుగారే సోమవారం నాకు ఈ సంగతి చెప్పారు. నేను వరండాలోకి వెళ్లాను. మాస్టారు కోప్పడలేదు.

"నువ్వు ఆయ్ అంటివి గదా పాపా."

"అన్నానండి."

"అంటే వస్తానని గదా?"

చీపురు పట్టుకుని నిలబడ్డ వెంకట్రావుగారు నన్ను కాపాడబోయారు. "మా వైపు ఆయ్ అంటే వస్తానని కాదండి, మేస్టారు. విన్నానని కూడానండి. మర్యాదండి అది."

మాస్టారు విజిలు తాడు వేలికి ఒక్కో చుట్టే చుట్టుకుంటూ తనలో తను గొణుక్కున్నారు. ఆయన ఏం లెక్కపెట్టుకుంటున్నారో మెల్లగా మాకు అర్థమైంది. తలుపు గడియ బాగు చేయిస్తానని గది అద్దెకిచ్చినాయన అన్న ఆయ్. ఆటల పీరియడు గురించి హెడ్మిస్ట్రెస్ గారి ఆయ్. దసరా సెలవుల ముందు ఆయన తోటి మాస్టార్లందర్నీ తన గదికి భోజనానికి పిలిచారు. అందరూ ఆయ్ అన్నారు. ఆయన అందరికీ వండి, సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చున్నారు.

"అయితే ఏడాదిన్నర నుంచి నాకు ఈ ఊళ్లో ఎవ్వురూ మాట ఇయ్యలేదా?" అన్నారు. అని నవ్వారు. వెంకట్రావుగారు తల వంచుకుని ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చారు.

అవునంటే అవునుగా, కాదంటే కాదుగా మాట్లాడాలని నేను సండే స్కూల్లో చిన్నపిల్లలకు చెప్పేదాన్ని. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్నగారు నన్ను ప్రార్థించమంటే, దానికి బదులు జరిగిందంతా చెప్పేశాను.

"నన్ను అడిగేవా?" అన్నారు నాన్నగారు.

"లేదండి. మీరు వద్దంటారని."

"అడక్కుండానే నేను కాదన్నానని నువ్వే తీర్మానం చేసేవన్నమాట. బట్టల సంగతి తరవాత. ముందు మనిషిని బస్టాండులో నిలబెట్టేసేవమ్మా."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మాస్టారి గదికి వెళ్లారు. క్షమాపణ నాచేత చెప్పించారు. తరవాత, "ఆదివారం ఆరాధనయ్యేక మీ ఇంట్లో భోంచేస్తామండి, నేనూ మా అమ్మాయీని" అన్నారు. మాస్టారు అనుమానంగా చూశారు. "ఇది ఏ ఆయ్ సార్? విన్న ఆయా, వచ్చే ఆయా?" అన్నారు. "వచ్చే ఆయేనండి" అన్నారు నాన్నగారు నవ్వకుండా. వెళ్లాం. రాగి సంగటి పెట్టారు. వరి అన్నం తప్ప ఎరగని మా నాన్నగారు ఒక్కో ముద్దా మింగలేక మింగుతుంటే, "నమలొద్దు సార్, జారనియ్యండి" అని మాస్టారు పక్కన కూర్చుని నేర్పించారు. ఆ గదిలో రెండో కంచం లేదు. అరిటాకుల్లో తిన్నాం.

ఆ తరవాత మాస్టారు ప్రతివాళ్లనీ అదే అడిగేవారు, ఆ ప్రశ్న బడంతా పాకింది. చాక్‌పీసు తెమ్మన్నా సరే, విన్న ఆయా వచ్చే ఆయా అని పిల్లలు ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. నేను నవ్వలేకపోయేదాన్ని.

డివిజన్ పోటీలు మళ్లీ రావు, నాకు పదో తరగతి అయిపోతోంది. ఫిబ్రవరిలో ఒకరోజు మాస్టారు, "రేపు పొద్దున ఆరింటికి గ్రౌండుకు వస్తావా?" అన్నారు. "వచ్చే ఆయండి" అన్నాను. వెళ్లేసరికి మంచు పట్టి అవతలి కొబ్బరి చెట్లు కనబడడం లేదు. మైదానమంతా ఒకే ఒక్క దారి, రెండు తెల్లటి గీతల మధ్య. నా ఒక్కదానికోసం వేశారు. తెచ్చి ఉంచిన ఆ బూట్లు ఇచ్చారు. నేను పంజాబీ డ్రెస్సు మీదే, చున్నీ నడుముకు బిగించుకుని నిలబడ్డాను. ఆయన పోటీలో చెప్పినట్టే అన్నీ చెప్పి విజిలు ఊదారు. ఏడున్నర చుట్లు. పక్కన ఎవరూ లేరు, నా ఊపిరే నాకు వినబడింది. మంచులోంచి ప్రతి చుట్టుకూ ఒక్కసారి ఆయన కనబడేవారు, చుట్టు సంఖ్య చెప్పేవారు, మళ్లీ మాయమయ్యేవారు. చివర్లో రెండు కర్రల మధ్య దారం కట్టి ఉంచారు. దాన్ని తెంపుకుని వెళ్లి గడ్డిలో పడ్డాను.

"ఇది ఏ రికార్డుకూ ఎక్కదు పాపా" అన్నారు, గడియారం చూసుకుంటూ.

"దేవుడు చూశాడండి" అన్నాను. నిజంగానే నమ్మి అన్నాను. ఇప్పుడూ నమ్ముతాను.

"పైనుండే ఆయప్ప చూసినాడో లేదో. నేను చూసినా" అన్నారు.

ఆ మాటకు అప్పుడు నొచ్చుకున్నాను. ఇప్పుడు ప్రార్థనలో కూర్చున్నప్పుడు అదే గుర్తొస్తుంది. మంచులో నా కోసం ఒక మనిషిని నిలబెట్టిందెవరో ఆయనకు తెలియదు, నాకు తెలుసు అనుకుంటాను.

ఆ వేసవిలో ఆయనకు వాళ్ల వైపు బదిలీ అయింది. వెళ్లే రోజు మా ఇంటికి వచ్చారట. నేను పక్క ఊళ్లో సెలవుల బైబిలు బడిలో పాఠం చెబుతున్నాను. చిరునామా రాసిన చీటీ ఇచ్చి, పాపను మార్కులు రాయమని చెప్పండి అన్నారట. నాన్నగారు నా తరఫున ఆయ్ అన్నారట. మాస్టారు ఏమీ అడగలేదట, ఊరికే చూశారట. "రాసే ఆయేనండి" అన్నారట నాన్నగారు. రాశాను. లెక్కల్లో వచ్చిన మార్కులు రాశాను. ఇంటరు అయ్యాక ఇంకొకటి, ఉద్యోగం వచ్చాక ఇంకొకటి. మూడింటికీ జవాబు రాలేదు. ఆ ఉత్తరాలు తిరిగి కూడా రాలేదు. ఎవరో అందుకుని ఉంటారు.

మొన్న శుక్రవారం సున్నం ఆరాక, మా బడిలో బాగా పరిగెత్తే అమ్మాయిని పిలిచాను. ఓడలరేవు పిల్ల, సముద్రం మీద చేపలు పట్టేవాళ్ల ఇంటి అమ్మాయి. వ్యాయామం టీచరుగారు తనకు వచ్చే శనివారం కుదరదంటే, అమలాపురం పోటీలకు తీసుకెళ్లే బాధ్యత నేను తీసుకున్నాను. "ఆరింటికల్లా బస్సు దగ్గరుంటాను, వస్తావా?" అన్నాను.

"ఆయ్" అంది.

"విన్న ఆయా, వచ్చే ఆయా?"

అలాంటి ప్రశ్న ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. కాలి బొటనవేలు నేల మీద రాస్తూ ఆలోచించింది. "మా నాన్న ఏటకెళ్లేడండి. వచ్చేక అడిగి చెప్తానండి" అంది. పదిహేనేళ్ల వయసులో నాకు రాని వాక్యం అది. ఎంత చిన్నదో. తల నిమిరి క్లాసుకు పంపించాను. శనివారం ఆమె వచ్చినా రాకపోయినా ఆ బస్సు దగ్గర నేను ఉంటాను.

ఆదివారం మందిరంలో ప్రార్థన ముగియగానే సంఘమంతా ఒక్కసారిగా ఆమేన్ అంటుంది. నేను వాళ్లతో కలవలేను. ఇది విన్నదా, వచ్చేదా అని లోపల నన్ను నేనే అడిగి, అప్పుడు అంటాను. అందరిదీ అయిపోయాక నాది ఒక్కటే వినబడుతుంది. నా పక్కన కూర్చునే పెద్దావిడ ఒకసారి మోచేత్తో పొడిచి అడిగారు.

"ఏవమ్మా, నీ ఆమేనెప్పుడూ ఎనకబడిపోద్దేంటి?"

"ఆలస్యమైనా వస్తుందండి" అన్నాను.