నాన్న మొహం మీద వెలుతురు

తొంభైల్లో రాజమండ్రిలో ఒక స్టూడియో ఆయన దగ్గర పాత కెమెరాతో పాటు వెలుతురు కొలిచే చేతి మీటరు కొన్నాను. "మొహం దగ్గర పెట్టి చూడండి. నీళ్లవైపు తిప్పారంటే ముల్లు మోసం చేస్తుందండి" అని మరీ మరీ చెప్పాడాయన.

రేవులో పడవ మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న నాన్న చెంప దగ్గర మీటరు పెట్టాను.

"ఏంట్రా, జ్వరం చూస్తున్నావా?" అన్నాడు. పక్కవాళ్లంతా నవ్వారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. వెనక్కి వచ్చేసి, దూరం నుంచే మీటరు నీళ్లవైపు తిప్పి కొలిచి ఫోటో తీశాను.

నీళ్లు తళతళా వచ్చాయి. నాన్న మొహం నల్లగా ముద్దలా వచ్చింది.

"గోదారి బాగా పడిందిరా" అన్నాడు నాన్న. ఇంకొకటి తీస్తానని నేను అనలేదు.

ఆయనకు వేరే ఫోటో లేదు. దండ దానికే వేశాం.