బూట్లు విప్పిన మామయ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి చెప్పులతో అడుగుపెట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. నాన్న ఒంటినిండా గ్రీజు మరకలతో వచ్చినా అమ్మ ఊరుకునేది గానీ, చెప్పులు మాత్రం గుమ్మం బయటే విడవాలి. ఉన్నది అద్దె ఇల్లు, అదీ పరాయి దేశంలో, మేడ మీద. అయినా మా అమ్మ దృష్టిలో గుమ్మం లోపలంతా కాకినాడే. కరెంటు మనిషి వచ్చినా, ఇంటి ఓనరు వచ్చినా గుమ్మంలో ఆపి వాళ్ళ కాళ్ళ వైపు చూసేది. ఆ చూపుని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మొన్న ఇక్కడ, ఒమాన్‌లోని ఇబ్రిలో, మా ఇంటికి ఏసీ బాగుచేయడానికి ఒకతను వచ్చాడు. గుమ్మం ముందు వంగి బూట్ల లేసుల మీద చెయ్యి వేయగానే, "వద్దు నాయనా, వేసుకునే వచ్చెయ్" అని హిందీలో అన్నాను. అతను వెళ్ళిపోయాక మా కోడలు నేల తుడుస్తూ సణుగుడు మొదలుపెట్టింది. "ఈ ఊళ్ళో ఎవరింటికెళ్ళినా మనమే చెప్పులు బయట విడుస్తాం కదత్తయ్యా. మీరేంటి, బూట్లతో వంటింట్లోకి రమ్మంటారు?" అంది. పిల్ల మాటలో తప్పేమీ లేదు. ఒమాన్‌లో నలుగురు చేరిన ఏ ఇంటి ముందు చూసినా చెప్పుల గుట్ట ఉంటుంది. మా పక్కింటి ఒమానీ ఆవిడ ఖర్జూరాల గిన్నె పట్టుకుని వచ్చినప్పుడు కూడా, నేను వద్దంటున్నా వినకుండా చెప్పులు విడిచే లోపలికి వస్తుంది. ఆవిడ విడుస్తున్నంతసేపూ నేను అటు చూడను. కోడలికి ఆ వేళ ఏదో సర్దిచెప్పాను. అసలు సంగతి ఇది.

నాన్న ఏడెన్ రేవులో ఓడల ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. యెమెన్‌కి దక్షిణపు కొసన, నల్లటి కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరది. పెద్ద రోడ్డు వెంట వరసగా మేడలు. ఒక మేడలో మధ్య అంతస్తు మాది. మా కింద ఒక బడిపంతులు, మా పైన ప్రభుత్వ భద్రతా దళంలో పనిచేసే ఒక కుర్రాడు ఉండేవాళ్ళు. ఇద్దరూ అక్కడివాళ్ళే, కాకపోతే ఊళ్ళు వేరు. ఆ ఊళ్ళ తేడా ఒకరోజు చావుబతుకుల తేడా అవుతుందని మాకు ఎవరూ చెప్పలేదు.

పైఇంటి కుర్రాడు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు యూనిఫాంలో ఉన్నాడు. కాళ్ళకి చీలమండలు దాటిన నల్ల బూట్లు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, అతనికి తెలుగు రాదన్న సంగతే మర్చిపోయి, "బూట్లు విప్పు తమ్ముడూ" అంది. అతను తెల్లమొహం వేసి నా వంక చూశాడు. నేను కాళ్ళు చూపించాను. పగలబడి నవ్వి, మెట్టు మీద చతికిలబడి, ఆ లేసులన్నీ ఓపిగ్గా విప్పుకున్నాడు. అతను నేర్చుకున్న మొదటి తెలుగు ముక్క అదే. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా "బూట్లు విప్పు, బూట్లు విప్పు" అని పాట పాడుకుంటూ మెట్లు దిగేవాడు. రెండో ముక్క "అక్కా". లోపలికి వస్తూనే "అక్కా, షాహీ!" అనేవాడు. షాహీ అంటే అక్కడివాళ్ళకి టీ. యాలకులు దంచి వేసిన మా అమ్మ టీ అంటే పడి చచ్చేవాడు.

అమ్మకి తమ్ముడు కాబట్టి నాకు మామయ్య అయ్యాడు. నాకు అసలు మామయ్యలు కాకినాడలో ఉన్నారు గానీ, వాళ్ళని ఫోటోల్లో చూడ్డమే. నాకు సైకిలు నేర్పింది ఈ మామయ్యే. మా తమ్ముడికి జ్వరం ఎక్కువై ఫిట్స్ వస్తే, నాన్న డ్యూటీలో ఉన్న వేళ వాణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తిందీ ఈయనే. ఆ రోజు తర్వాత అమ్మ తను ఏ పిండివంట చేసినా ఒక గిన్నె పైఇంటికి పంపేది.

కిందింటి మాష్టారు నెమ్మదస్తుడు. సాయంత్రాలు నాకు అరబ్బీ అక్షరాలు దిద్దించేవారు. మనిషి సన్నమే గానీ పాదాలు మాత్రం బారెడు. ఆయన తోలుచెప్పులు గుమ్మం ముందు ఉంటే మిగతావన్నీ పిల్లల చెప్పుల్లా కనిపించేవి. సెలవు రోజుల్లో మామయ్యా ఆయనా మా ముందుగదిలో చాప మీద కూర్చుని చుక్కల బిళ్ళలతో డామినోలు ఆడేవాళ్ళు. మామయ్య దొంగాట ఆడేవాడు. మాష్టారు చూసి కూడా చూడనట్టు ఊరుకునేవారు. అది పెద్దరికం అనుకునేదాన్ని.

ఒక పొద్దున నాన్న రేవుకి వెళ్ళిన కాసేపటికి మేడ అదిరింది. మొదట ఓడలో ఏదో పేలిందనుకున్నాం. తర్వాత పెద్ద రోడ్డు మీదికి ట్యాంకులు వచ్చాయి. దేశాన్ని ఏలేవాళ్ళే రెండు ముక్కలయ్యారట. నిన్నటిదాకా ఒకే జెండాకి మొక్కిన సైనికులు, ఒకే రంగు బట్టల్లో, వీధికి ఈ చివరా ఆ చివరా నిలబడి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకోవడం మొదలుపెట్టారు. కరెంటు పోయింది, కుళాయిలో నీళ్ళు ఆగిపోయాయి. ఎదురు మేడ గోడలో మా తలుపంత కన్నం పడింది. నాన్న రేవులోనే చిక్కుకుపోయాడు. ఉన్నాడో లేడో తెలియదు. అమ్మ మమ్మల్నిద్దరినీ కిటికీలకి దూరంగా మంచం కింద పడుకోబెట్టి, మంచం మీద బొంతలన్నీ పరిచింది.

రెండు పక్షాలవాళ్ళూ మనిషి కనబడితే అడిగే ప్రశ్న ఒక్కటే, "మీదే ఊరు?" అని. జవాబు నచ్చకపోతే అంతే సంగతులు. మా వీధి పట్టుకున్నది మామయ్య పక్షంవాళ్ళు, వాళ్ళకి మాష్టారి ఊరు పడదు. ఆయన భార్యాపిల్లలు అంతకుముందే పుట్టింటికి వెళ్ళడం వాళ్ళ అదృష్టం. ఒక మధ్యాహ్నం కాల్పులు కొంచెం సద్దుమణిగాక ఆయన మెట్లెక్కి వచ్చి మా తలుపు మెల్లగా తట్టారు. గుమ్మంలో చెప్పులు విడిచి అలా నిలబడ్డారు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, వంటింటి అటక మీద ట్రంకుపెట్టెల వెనక్కి ఎక్కించింది. ఇండియావాళ్ళ ఇంట్లో అంతగా వెతకరులే అన్న ధైర్యం ఒక్కటే ఆవిడకి దన్ను.

అప్పుడు గుర్తొచ్చాయి గుమ్మం ముందున్న చెప్పులు. అవి అక్కడ ఉంటే కొంప మునిగినట్టే. అమ్మ తలుపు ఓరగా తీసి వాటిని లోపలికి తెచ్చింది. నా ఎరుకలో మా గుమ్మం దాటి లోపలికి వచ్చిన మొదటి చెప్పులు అవే. వాటిని పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అటూఇటూ తిరిగింది. చివరికి వంటగట్టు కింద, బియ్యం డబ్బా పక్కన, పాత పేపరు పరిచి పెట్టింది. ప్రాణాల మీదికి వచ్చిన వేళ కూడా చెప్పులు వంటింటి నేలకి తగలకూడదని పేపరు వేసింది చూడండి, అదీ మా అమ్మ.

సైనికులు రానే వచ్చారు. బూట్లతోనే ధనధనా లోపలికి వచ్చి, బీరువా తెరిచి, మంచం కింద మమ్మల్ని చూసి, వంటింట్లోకి వెళ్ళారు. అమ్మ గోడకి అతుక్కుపోయి నిలబడింది. ఒకడి బూటు తగిలి మాష్టారి చెప్పు ఒకటి పేపరు మీంచి పక్కకి జారింది. వాడు చూశాడు కూడా. ఇంట్లో చెప్పులు ఉండడంలో వాడికి వింతేముంది? బియ్యం డబ్బా మూత తీసి చూసి వెళ్ళిపోయారు.

మర్నాడు మామయ్య వచ్చాడు. పాట పాడలేదు గానీ, తలుపు తట్టి "అక్కా" అన్నాడు. ఆ గొంతు వినగానే నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి ఉన్నాడు. చేతిలో గుడ్డలో చుట్టిన రొట్టెలు. అంత యుద్ధంలోనూ గుమ్మం ముందు వంగి బూట్లు విప్పాడు. ఊరంతా తలుపులు తన్ని ఇళ్ళలో జొరబడుతుంటే, మా మామయ్య మా ఇంటి మర్యాద మర్చిపోలేదని నేను మురిసిపోయాను. నాన్న రేవులో క్షేమంగానే ఉన్నాడని కబురు కూడా తెచ్చాడు. అమ్మ ఏడ్చేసింది. మిగిలిన ఆ కాసిని తాగేనీళ్ళలోంచే టీ పెట్టింది.

ఎప్పుడూ కూర్చునే పీట మీదే వంటింట్లో కూర్చున్నాడు. గ్లాసు అందుకుంటూ వంటగట్టు కిందికి చూశాడు. చూపు అక్కడ ఒక్క క్షణం ఆగింది. నేను ఎదురుగానే ఉన్నాను, ఆగడం చూశాను. మా ఇంట్లో, నేల మీద, చెప్పులు! మా అమ్మ సంగతి తెలియనివాడికి అవి ఉత్త చెప్పులు. తెలిసినవాడికి అవి చెప్పకనే చెబుతాయి. ఆ పాదాలు ఎవరివో డామినోలు ఆడినవాడికి వేరే చెప్పాలా? అతను తలెత్తి అటక వైపు చూడలేదు. టీ నెమ్మదిగా, ఆఖరి గుక్క దాకా తాగాడు. "బాగుంది అక్కా" అన్నాడు. నా తల నిమిరాడు. గుమ్మంలో కూర్చుని లేసులు కట్టుకుని వెళ్ళాడు. రొట్టె చేతిలో పట్టుకుని, మామయ్య ఉండగా మనకేం భయం లేదని మా తమ్ముడికి చెప్పాను.

పొద్దు వాలకముందే మళ్ళీ సైనికులు వచ్చారు. ఈసారి బీరువా తెరవలేదు, మంచం కింద చూడలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి అటక మీదికి తుపాకీ ఎత్తారు. మాష్టారు తనే దిగారు. దిగి, అలవాటుగా చెప్పుల కోసం వెతుక్కుంటూ ఒక కాలు వంటగట్టు వైపు చాపారు. ఒకడు వెనకనుంచి నెట్టాడు. ఆయన వట్టికాళ్ళతోనే మెట్లు దిగి వెళ్ళారు. అమ్మ వాళ్ళ కాళ్ళమీద పడింది, నేను కెవ్వున అరిచాను. ఎవరూ వినలేదు. మాష్టారు మళ్ళీ కనిపించలేదు.

రొట్టెలు ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. నేను విసిరికొట్టబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "రొట్టెలేం చేశాయే? తిను. మీ తమ్ముడికీ పెట్టు" అంది. తిన్నాం. అంత ఆకలిలోనూ మింగుడుపడలేదు. ఆ తర్వాత అమ్మ మాష్టారి చెప్పులు తీసి, దుమ్ము తుడిచి, గుమ్మం బయట మా చెప్పుల పక్కన పెట్టింది. చుట్టం ఇంట్లో ఉన్నట్టే పెట్టింది.

కాల్పులు తగ్గాక విదేశీయులని ఓడలెక్కించడం మొదలైంది. నాన్న వచ్చాడు. మూటలు కట్టుకుంటుంటే మెట్ల మీద అడుగుల చప్పుడు అయింది. అతనే. చేతిలో నీళ్ళ డబ్బా. గుమ్మం ముందు ఆ పెద్ద చెప్పులు చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆగి, వాటి పక్కనే వంగి, లేసు మీద చెయ్యి వేశాడు.

"బూట్లు విప్పకు" అంది అమ్మ.

గొంతు పెంచలేదు. తమ్ముడూ అనలేదు. మా ఇంట్లో అతను నేర్చుకున్న మొదటి ముక్కనే తిప్పి అతనికి ఇచ్చేసింది. అర్థం కాకపోవడం అంటూ లేదు. అతని చెయ్యి లేసు మీదే ఉండిపోయింది, తల వంగే ఉంది. తర్వాత నీళ్ళ డబ్బా అక్కడే వదిలి, ముఖం ఇటు తిప్పకుండానే మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. మేం ఓడెక్కాం. మాష్టారి చెప్పుల్ని అమ్మ అక్కడే వదిలేసింది, ఆయన వస్తే వెతుక్కుంటారని.

తర్వాత నాన్నకి ఒమాన్‌లో పని దొరికింది. నా పెళ్ళయ్యాక ఇబ్రికి వచ్చాను. ఇక్కడే పిల్లలు, ఇప్పుడు మనవలు. నాన్న ఉన్నన్నాళ్ళూ అతని తరఫున ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. ఎవరో బెదిరించి ఉంటారనీ, చెప్పకపోతే అతన్నే కాల్చేసేవాళ్ళనీ, మనల్ని వదిలెయ్యమని బేరం పెట్టి ఉంటాడనీ. అయ్యుండొచ్చు. మా నాన్నది పెద్ద మనసు, నాది కాదు. చెప్పులు చూసిన మనిషి ఆ టీ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయి ఉంటే నేనూ క్షమించేదాన్నేమో. తాగాడు. బాగుందన్నాడు. నా తల నిమిరాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నా నడినెత్తిన ఉంది. అమ్మ మాత్రం ఆ తర్వాత ఏనాడూ అతని ఊసెత్తలేదు, టీలో యాలకులు వేయడమూ మానేసింది.

బూట్లతో వచ్చినవాళ్ళకి మా ఇల్లు ఏమీ చెప్పలేదు. విప్పి వచ్చినవాడికే అన్నీ చెప్పేసింది. అందుకే ముక్కూమొహం తెలియనివాళ్ళు బూట్లతో నా వంటిల్లంతా తొక్కినా నాకు బాధ లేదు, తుడుచుకుంటే పోతుంది. గుమ్మం ముందు ఎవరైనా మర్యాదగా వంగితేనే నాకు గుండె ఝల్లుమంటుంది. మొన్న ఆ ఏసీ అతన్ని వద్దన్నది కూడా అందుకే. పాపం, అతను వెంటనే తలెత్తి నవ్వాడు. ఏడెన్‌లో వంగిన తల మాత్రం నా వైపు లేవనే లేదు. ఆ ముఖంలో సిగ్గన్నది ఉందో లేదో చూడాలని, నాలోని ఆ చిన్నపిల్ల ఇప్పటికీ ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది.