సర్దార్ కాక దగ్గు

మా పక్క క్వార్టర్ సర్దార్ కాక పోయాడని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఏడవలేదు. అసలు నమ్మలేదు. మస్కట్‌లో ఆసుపత్రి డ్యూటీ దిగి గదికొచ్చి చెప్పులు విప్పుతున్నాను. "ఎవలు చెప్పిన్రు నీకు? కండ్లతోని చూసినవా? ఇప్పుడు ఏడున్నవ్?" అని వరసపెట్టి అడిగాను. "ఇంకెన్ని అడుగుతవ్ అక్కా, కాక ముంగటనే కూసున్న" అని వాడు బోరుమన్నాడు. వెనక నుంచి చిన్నమ్మ, అంటే కాక భార్య, శోకం పెట్టడం వినబడింది. అప్పుడుగానీ నమ్మలేదు. చావు వార్తను కూడా నిగ్గదీసి అడగడమేమిటని మీకనిపించవచ్చు. అది ఆయన పెంపకమే.

గోదావరిఖని వాళ్ళకు సర్దార్ అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. మిగిలినవాళ్ళ కోసం చెబుతాను. బొగ్గుబాయిలో షిఫ్టు మొదలుకాకముందే లోపలికి వెళ్ళి, గాలి మంచిదేనా, పైకప్పు గట్టిగా ఉందా అని చూసేవాడు సర్దార్. చేతికర్రతో కప్పును తట్టి వింటాడు. ఖంగుమంటే రాయి గట్టిది. డొల్లగా పలికిందంటే పైన పొర విడిచిందని అర్థం. దాని కింద ఒక్క మనిషిని కూడా నిలబడనివ్వడు. కాక ఆ పని ఇరవై ఏళ్ళకు పైగా చేశాడు. అనుమానపడటమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఆ అనుమానాన్ని మా కాలనీ మీదికి వదిలాడు.

పుచ్చకాయ కొన్నా, కొత్త కుండ తెచ్చినా కాక తట్టి సరే అనాల్సిందే. గోడకు సిమెంటు గిలాబు చేసి వెళ్ళిపోతున్న మేస్త్రీని వెనక్కి పిలిచి, గోడ తట్టి వినిపించేవాడు. "నువ్వు చెప్పకు. గోడ చెప్తది" అనేవాడు. "పెండ్లిసూపులల్ల మా చెల్లెను గూడ తట్టి చూసే ఉంటడు ఈయన" అని మా అమ్మ అంటే, చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. కాక మాత్రం నవ్వేవాడు కాదు. నవ్వేవాళ్ళ మీద కూడా ఆయనకు కొంచెం అనుమానమే.

నన్ను గల్ఫ్ పంపిస్తానని ఒక ఏజెంటు మా ఇంటికొచ్చినప్పుడు, ఎవరూ పిలవకుండానే కాక వచ్చి కూర్చున్నాడు. అతను చాయ్ తాగినంతసేపూ కాక అతన్నే గమనించాడు. చివరికి, "ఏ దవాఖాననో పేరు చెప్పు. నంబరియ్యి. మా పొల్ల మాట్లాడ్తది" అన్నాడు. "కొంచెం నమ్మకముండాలె పెద్దాయనా" అన్నాడు ఏజెంటు. "నమ్మకం నీ దగ్గర్నే ఉంచుకో. నంబరియ్యి." ఆ మనిషి మళ్ళీ మా వీధి మొహం చూడలేదు. నేను నెల రోజులు కాకతో మాట్లాడలేదు, నా బతుకులో మన్ను పోశాడని. ఆ తర్వాత అదే ఏజెంటు మాట నమ్మి వెళ్ళిన ఒకామె ఆరు నెలలకు ఉత్త చేతులతో తిరిగొచ్చింది. కాక ఆ సంగతి ఎత్తను కూడా ఎత్తలేదు. మరుసటేడు వేరే దారిలో ఉద్యోగం వస్తే, ప్రతి కాగితం నాతో పైకి చదివించుకుని, అప్పుడు విమానమెక్కనిచ్చాడు.

మస్కట్‌లో నాతో గదిలో ఉండే కేరళ అమ్మాయికి వాన మీద బెంగ. ఇంకొకామెకు వాళ్ళ ఊరి చేపల మీద. నీకేం గుర్తొస్తుందని నన్నడిగితే ఏం చెప్పను? మా దగ్గర షిఫ్టు సైరన్ కూస్తే గడియారం చూడకుండా బియ్యం కడుగుతారు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే అరలో స్టీలు గిన్నెలు గలగలమంటాయి. ఆరేసిన తెల్లబట్టల మీద నల్లటి పొడి పడుతుంది. ఉన్నన్నాళ్ళూ వీటన్నిటినీ తిట్టుకున్నదాన్నే. ఇక్కడ గిన్నెలు కదలవు, బట్టలు తెల్లగానే ఆరుతాయి, నాకేమో ప్రాణం కొట్టుకుపోయేది.

ఇంకొకటి కూడా చెప్పాను. వాళ్ళు పడీపడీ నవ్వారు. దగ్గు! మా కాలనీలో మగవాళ్ళను దగ్గుతో గుర్తుపడతాం. నల్లా దగ్గర ఎవరు నిలబడ్డారో, డ్యూటీ దిగి ఎవరొస్తున్నారో తలుపు తీయకుండానే చెప్పేస్తాం. సర్దార్ కాకది రెండు చిన్న దగ్గులు, ఒక పొడుగు దగ్గు, చివర "రామా" అని ఒక మూలుగు. చిన్నప్పుడు అది విన్నాకే నేను దుప్పటి తీసేదాన్ని.

శుక్రవారం నాకు సెలవు. వీడియో కాల్ చేస్తే కాక ముందుగా పాస్‌పోర్టు అడిగేవాడు. "నీ దగ్గర్నే ఉన్నదా? సూపెట్టు." చూపించాలి. "గొళ్ళెం మంచిగ పడ్తున్నదా? ఏసి సూపెట్టు." వేసి చూపించాలి. ఆ తర్వాతే, "ఇగ చెప్పు బిడ్డా, ఏం తిన్నవ్" అనేవాడు.

దేశం దాటినవాళ్ళకు ఇంటివాళ్ళు చెప్పే మాట ఒకటే: అందరం మంచిగనే ఉన్నం. అంత డొల్ల మాట ఇంకొకటి లేదు. మా అవ్వ చనిపోయినప్పుడు వారం రోజులు నాకు అదే చెప్పారు. అవ్వ పడుకుంది, అవ్వ బయటికి పోయింది అని నెట్టుకొచ్చారు. చివరికి అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని కాకే చెప్పాడు. "బిడ్డా, అవ్వ సోమారమే పోయింది. నీకు చెప్పొద్దన్నరు. దాసిన మాట పొర ఇడిసిన కప్పు తీరు, ఎప్పుడో ఒకనాడు నెత్తిమీదనే పడ్తది. ఇగ ముంగట ఎవ్వలు చెప్పకున్నా నేను చెప్త."

ఆనాటి నుంచి నేను ఇంట్లో ఎవరి మాటనూ నమ్మలేదు. అమ్మ బీపీ బాగుందంటే మందుచీటీ చూపించమన్నాను. తమ్ముడు నవ్వుతూ మాట్లాడితే కెమెరా ఇల్లంతా తిప్పమన్నాను. "ఇది అక్క కాదు, పోలీసు" అని వాడు ఏడ్చేవాడు. అనుమానించనిది ఒక్క కాకనే.

పోయిన చలికాలం నుంచి ఆయన దగ్గు ఎక్కువైంది. నేను నర్సును. వార్డులో ఎవరైనా రెండుసార్లు దగ్గితే నా తల అటు తిరుగుతుంది. అలాంటిదాన్ని, ఫోన్‌లో కాక దగ్గు వినబడితే ఏం చేశానో తెలుసా? కళ్ళు మూసుకుని విన్నాను. "ఇంకోసారి దగ్గు కాకా. నీ దగ్గు ఇంటె ఇంటికొచ్చినట్టే ఉంటది" అన్నాను. ఆయన నవ్వి, మళ్ళీ దగ్గాడు. ప్రతి శుక్రవారం అడిగాను. ప్రతిసారీ దగ్గాడు.

తర్వాత తర్వాత వీడియో ఆపి మాట్లాడేవాడు; మాట మధ్యలో తెగిపోయేది. "సిగ్నల్ పోతున్నదా కాకా?" అంటే కాసేపాగి, "ఆ, సిగ్నలే బిడ్డా" అనేవాడు. నేను ఫోన్ కంపెనీని తిట్టాను. సిమ్ కార్డు మార్చాను. ఆ సందులో ఆయన ఊపిరి తీసుకుంటున్నాడని నాకు తట్టలేదు.

నేను ఇల్లు చేరేసరికి ఐదో రోజు. ఊపిరితిత్తుల్లో గడ్డ అని బతుకమ్మ పండుగ ముందే తెలిసిందట. చిన్నమ్మ పక్కన కూర్చున్నాను కానీ ఓదార్చలేకపోయాను. కోపంగా అడిగాను: "నాకెందుకు చెప్పలే చిన్నమ్మా? దాస్తె నెత్తిమీద పడ్తదని చెప్పింది ఆయనే గదా!"

చిన్నమ్మ నా చేయి పట్టుకుంది. "నేను చెప్తనంటనే ఉన్న బిడ్డా. ఆయనే పడనియ్యలే. 'పొల్ల పరాయి దేశంల ఉన్నది. నా దగ్గు ఇని సంబురపడ్తున్నది. దానికి గదొక్కటే ఉన్నది ఇంటి దిక్కుకెల్లి. అదెందుకు చెడగొట్టుడు' అన్నడు. శుక్రారం వస్తే పొద్దుగల్ల నుంచి మాటలాడకపోయేది, నీతోని మాట్లాడెటందుకు ఊపిరి దాసుకునేటోడు."

లోకంలో అందరినీ అనుమానించే మనిషి, జీవితంలో ఒక్క అబద్ధం ఆడాడు, అది నా సంతోషం కోసం. అందుకు ఆయన పాదాలకు దండం పెట్టాలో, పోట్లాడాలో ఈ రోజుకీ తెలియడం లేదు. బతికుంటే రెండూ చేసేదాన్ని. నన్ను మోసం నుంచి కాపాడిన మనిషి జబ్బును నేను కనిపెట్టలేకపోయాను. వినడం చేతకాక కాదు, ఇష్టంగా విన్నందుకు.

కాక దినాలయిన మర్నాడు పొద్దున, బొగ్గుబాయిలో ఫస్టు షిఫ్టుకు తయారై తమ్ముడు వాకిట్లో బూట్లు తొడుక్కుంటున్నాడు. దగ్గాడు. రెండుసార్లు. చేతిలో చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టి వాడి దగ్గరికి వెళ్ళాను.

"ఎన్ని దినాల సంది?"

"ఏందే అక్కా, దుమ్ముకు. మంచిగనే ఉన్న."

"అంగీ ఎత్తు."

"డ్యూటీకి ఆలస్యమైతది. పిచ్చి లేసిందా నీకు?"

నేనే అంగీ ఎత్తి వాడి వీపుకు చెవి ఆనించాను. చక్కిలిగింత పెట్టినట్టు వాడు కిలకిలా నవ్వుతున్నాడు. వీధిలో వాడి దోస్తు బండి మీద కూర్చుని హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"నవ్వకు" అన్నాను. "ఊపిరి తీసుకో."