తిట్టి వడ్డించే విందులో మా కండక్టర్

రాష్ట్రం విడిపోయి కొన్నేళ్లయ్యాక, ఒక ఎండాకాలం మొదట్లో, ప్రొద్దుటూరు బస్సు డిపోలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా ఉన్న నన్ను విజయవాడకు పంపారు. స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్న ఈ రోజుల్లో, నా ఉద్యోగం ఏమిటని అడిగేవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే: ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరంటే డిపో మేనేజరుకు కింద, కండక్టర్లకు, డ్రైవర్లకు పైన ఉండేవాడు. పైనుంచి వచ్చే చీవాట్లను కిందికీ, కింద పుట్టే తిట్లను పైకీ చేర్చే సర్వీసు. ఈ సర్వీసుకు సెలవు లేదు, బ్రేక్‌డౌన్ లేదు.

విజయవాడలో మూడు రోజుల శిక్షణ. దాని పేరు ‘ప్రయాణికులతో మర్యాద’. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల డిపోల నుంచి ఏరిన సిబ్బందిని ఒక బస్సులో ఎక్కించి, నన్ను ఇన్‌ఛార్జిగా పెట్టారు. ఏరడమంటే రత్నాలను ఏరినట్టు కాదు. ప్రయాణికులు ఎవరి మీద ఫిర్యాదు చేశారో వాళ్లను ఏరారు. నా మటుకు నాకు వాళ్లు రత్నాలే.

అందులో పెద్ద రత్నం మస్తాన్‌వలి. ప్రొద్దుటూరు–పులివెందుల రూటు కండక్టరు. ఆయన ఎర్రగుంట్లలో ‘రైట్’ అని అరిస్తే ముద్దనూరులో ఆగివున్న బండి కూడా కదిలేదని చెప్పుకునేవారు. నేను స్వయంగా చూడలేదు గానీ, ఆ అరుపుకు సిమెంటు లారీలు పక్కకు తప్పుకోవడం మాత్రం కళ్లారా చూశాను. ఎక్కే ముసలమ్మ మూటను తానే అందుకుంటాడు, అందుకుంటూ ఆమెను ఏడు ఊళ్లు వినేటట్టు కసురుతాడు. ఆ రూటులో కండక్టరు కసరలేదంటే ఒంట్లో బాగాలేదేమోనని జనం ఆరా తీస్తారు.

ఆయన మీద వచ్చిన ఫిర్యాదు ఇది. కోస్తా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ముద్దనూరు దగ్గర ఫుట్‌బోర్డు మీద నిలబడి ఫోనులో మాట్లాడుతుంటే, మస్తాన్‌వలి ‘ఒరే నాయనా, సచ్చిపోతావు, లోపలికి రా’ అన్నాడు. ఆ పెద్దమనిషికి ‘ఒరే’ ఒక గాయం, ‘సచ్చిపోతావు’ ఇంకో గాయం. మా పద్ధతి ప్రకారం ఫిర్యాదు వస్తే ఛార్జిషీటు, దానికి కండక్టరు సంజాయిషీ, ఆ మీదట విచారణ. ఈసారి మేనేజరు ఇంకో మెట్టు చేర్చారు. శిక్షణాధికారి ‘ప్రజలతో మాట్లాడటానికి తగును’ అని అభిప్రాయం ఇస్తేనే మస్తాన్‌వలి మళ్లీ బస్సెక్కాలి. ఇవ్వకపోతే డిపోలో, టికెట్ మిషన్లకు ఛార్జింగ్ పెట్టే గదిలో, రిటైరయ్యేదాకా.

“మిషన్లతో ఏం మాట్లాడాల సార్?” అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. “అవి ఎక్కవు, దిగవు. చిల్లర లేదని కొట్లాడవు. ఆ గదిలో నేను యాడ బతుకుతా?”

శిక్షణాధికారి సుభద్రగారు. కృష్ణా జిల్లా మనిషి. ఆమె కోప్పడ్డా లాలిపాట పాడినట్టుండేది. మూడు రోజులూ మాతో ‘దయచేసి’, ‘మన్నించండి’, ‘కొంచెం జరుగుతారా అండీ’ అని వల్లె వేయించారు. మస్తాన్‌వలి నోట్లో ఆ ‘అండీ’ గండికోట రాయి మాదిరి అడ్డం పడింది. జమ్మలమడుగు డ్రైవరు ఓబులేసు పక్కనే కూర్చుని పొడిచేవాడు.

“మామా, గట్టిగా ఊపిరి పీల్చుకోని అను. కాన్పు మాదిరి వచ్చేస్తాది.”

“నువ్వు మూసుకోరా. నీకు బండికాడ స్టీరింగుతో పని. అది మర్యాద అడగదు.”

మూడో రోజు సాయంత్రం సుభద్రగారు నన్ను పక్కకు పిలిచారు. ఊళ్లో ఒక హోటల్లో నవ్వుల విందు జరుగుతోందట. భోజనం, నాటకం కలిపి పెడతారు. వడ్డించేవాళ్లే నటులు. వచ్చినవాళ్లను కావాలని కసురుతారు, గిన్నెలు ఎత్తేస్తారు, అది చూసి జనం నవ్వుతారు. తిట్లు తినడానికి టికెట్ కొనుక్కుని మరీ పోతారన్నమాట. “మీవాళ్లకు చెప్పకండి” అన్నారామె. “ఎదుటివాళ్లు దురుసుగా ఉంటే వీళ్లెలా ఉంటారో చూడాలి. మస్తాన్‌వలిగారు అక్కడ నోరు జారితే మాత్రం రేపు పొద్దున నేను ‘తగును’ అని రాయలేనండీ.”

నేను మస్తాన్‌వలిని బస్సు వెనక్కి తీసుకుపోయి, అన్నం తినడానికి తప్ప నోరు తెరవొద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

ఆ హాలు పెన్నానది వెడల్పు ఉంటుంది, కనీసం నీళ్లు లేనప్పటి పెన్న అంత. తలుపులు తీశారో లేదో, మావాళ్ల రక్తంలో ఉన్న బస్‌స్టాండ్ నిద్ర లేచింది. భుజాల మీది తువ్వాళ్లు గాల్లోకి లేచాయి. కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తే ఆ సీటు మనది అన్న మా ప్రాంతపు చట్టాన్ని విజయవాడలో తొలిసారి అమలు చేశారు. స్టేజీకి ఆనుకున్న ముందు బల్లలన్నీ రెప్పపాటులో మావైపోయాయి. నగరం జనం వెనక బల్లల కోసం తొక్కిసలాడుతున్నారు. ముందు కూర్చున్నవాళ్లకే తిట్లన్నీ పడతాయని వాళ్లకు తెలుసు. “ఏంది సార్, ఇంత మంచి సీట్లు వదిలిపెట్టి ఎనక్కి పోతాండారు, పిచ్చోళ్లు” అని ఓబులేసు జాలిపడ్డాడు.

ప్రధాన వడ్డనదారు వేషంలో ఉన్న నటుడి పేరు సూరిబాబు. బుర్రమీసాలు, భుజాన గరిటె. వస్తూనే మా బల్ల మీద స్టీలు గ్లాసులు డబడబా పడేశాడు.

“ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు మీరంతా? త్వరగా చెప్పి తగలడండి, నాకింకా బోలెడు పనుంది!”

వెనక బల్లలు నవ్వాయి. నేను మస్తాన్‌వలి మోకాలు గట్టిగా పట్టుకున్నాను. పక్క బల్ల దగ్గర సుభద్రగారు రెప్ప వేయకుండా చూస్తున్నారు. మస్తాన్‌వలి సూరిబాబును కిందినుంచి పైదాకా చూశాడు. మెల్లగా ఆయన ముఖం వెలిగింది. మూడు రోజులుగా ఆ ముఖంలో అలాంటి వెలుగు నేను చూడలేదు.

“సార్!” అన్నాడు నా చెవిలో. గుసగుసే, అయినా హాలంతా విన్నది. “ఈడ మనోడు ఒకడుండాడు సార్!”

తర్వాత సూరిబాబు వైపు తిరిగాడు. “ప్రొద్దుటూరప్పా మాది. నువ్వు యాడోడివి?”

“నా ఊరు నీకెందుకు? తింటే తిను, లేకపోతే లేచిపో!” అని సూరిబాబు అప్పడాల గిన్నె బల్ల మీదికి విసిరాడు.

“చూడు ఓబులేసూ, ఎంత ప్రేమగా పెడతాండాడో. తినకుంటే బాగుండదు.”

సూరిబాబు జీవితంలో ఇలాంటి ఆపద ఎదురై ఉండదు. గొంతు పెంచాడు, మావాళ్లు ‘ఇంకో రెండు అప్పడాలెయ్యప్పా’ అన్నారు. సాంబారు గిన్నె ఎత్తుకుపోయాడు, ‘పోనీలే, శానా వేడిగుంది, ఆరబెట్టుకోని రాపో’ అన్నారు. ముద్ద నోటిదాకా పోకముందే ‘ఎంతసేపు తింటారు’ అని అరిచాడు. పులివెందుల నుంచి వచ్చిన కండక్టరొకాయన చెమర్చిన కళ్లతో ‘మా అత్త గుర్తొస్తాంది’ అన్నాడు. నవ్వుల గురి మారిపోయింది. ఇప్పుడు హాలంతా నవ్వుతున్నది సూరిబాబును చూసి.

వాళ్ల నాటకంలో ఒక ఘట్టం ఉంది. వడ్డనదారు విసిగిపోయి, ‘ఈ ఉద్యోగం నాకొద్దు’ అని గరిటె పారేసి కుర్చీలో కూలబడతాడు. అప్పుడు భోజనానికి వచ్చినవాళ్లు బతిమాలాలి. సూరిబాబు గరిటె పారేశాడు, కూలబడ్డాడు. ఎవరూ బతిమాలేలోపు మస్తాన్‌వలి లేచాడు. నా చేతిలోంచి ఆయన మోకాలు జారిపోయింది.

“పొద్దున్నుంచి నిలబడుకోని ఉంటాడు, కాళ్లు పీకుతాంటాయి. ఒక్కడు ఎంతమందికని పెడతాడు?” అని సూరిబాబును రెక్క పట్టి లేపి, తన కుర్చీలో కూర్చోబెట్టి, తన విస్తరి ముందుకు జరిపాడు. “నువ్వు తిను నాయనా. మేం చూసుకుంటాం.”

మా వైపు పెళ్లిలో వడ్డించే మనిషి అలసిపోతే, తినేవాళ్లలో ఒకడు లేచి గరిటె అందుకోవడం మామూలు. అది నాటకమని తట్టే అవకాశమే మస్తాన్‌వలికి లేదు. ఒక చేత్తో సాంబారు బకెట్టు, ఒక చేత్తో గరిటె. బల్లల మధ్య సందులో, కదిలే బస్సులో నడిచినట్టు కాళ్లు ఎడం చేసి, మోచేతులతో తోవ చేసుకుంటూ పోయాడు.

“జరగండి, లోపలికి జరగండి! అమ్మా, ఆ చేతిసంచి తియ్యి, సాంబారు పడితే నన్నంటావు. ఏంది పెద్దాయనా, కోడి కెలికినట్టు కెలుకుతాండావు? నాలుగు ముద్దలు తిను, గాలికి పోయేట్టుండావు. నీకేంది పాపా, నెయ్యి వద్దా? ఎవురు చెప్పినారు వద్దని? పట్టు చెయ్యి!”

హాలు ఊగిపోయింది. కృష్ణా బ్యారేజీ గేట్లు అదిరాయని నేను ఇప్పటికీ ప్రమాణం చేస్తాను. వెనక బల్లలవాళ్లు తమ దగ్గరికీ వచ్చి తిట్టమని చేతులు ఊపుతున్నారు. ఆ పెద్దాయన మళ్లీ అన్నం పెట్టించుకున్నాడు. సూరిబాబు నటన మరిచిపోయి మా ఓబులేసుతో పోటీపడి తింటున్నాడు.

సరిగ్గా అప్పుడు ఒక కుర్రాడు, పాతికేళ్లుంటాయి, ఈ తమాషానంతా ఫోనులో తీస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. అతని వెనకే, హాలు మూలన, స్టవ్వు మీద రసం గుండిగ మరుగుతోంది.

“ఒరే నాయనా, సచ్చిపోతావు! ఈడికి రా!”

బకెట్టు కింద పెట్టడం, కుర్రాడి చొక్కా పట్టి ముందుకు లాగడం ఒక్కసారే జరిగాయి. అరుపుకు హాలంతా ఇటు తిరిగింది. నాకు టికెట్ మిషన్ల గది, దాని తలుపు, తాళం, అన్నీ కనిపించాయి. ఫిర్యాదులో ఉన్న ‘ఒరే’, ‘సచ్చిపోతావు’ రెండూ, అక్షరం తేడా లేకుండా, శిక్షణాధికారి ముందే అనేశాడు.

సుభద్రగారు లేచి కుర్రాడి దగ్గరికి వెళ్లారు. “ఆయన మాటకు మీకు కోపం వచ్చిందా అండీ?”

కుర్రాడు గుండిగ వైపు చూసి, చొక్కా సర్దుకున్నాడు. “కోపమెందుకండీ, పడిపోయేవాణ్ణి కదా. ఇంకోసారి తిట్టమనండి, వీడియోలో సరిగ్గా రాలేదు.”

మర్నాడు పొద్దున సుభద్రగారు మస్తాన్‌వలిని, నన్ను పిలిచారు. రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదట. ఆమె అడిగింది ఒకే ప్రశ్న.

“ముద్దనూరు దగ్గర ఆ పెద్దమనిషిని ‘సచ్చిపోతావు’ అన్నప్పుడు మీ చెయ్యి ఎక్కడుంది?”

“ఆయప్ప చొక్కా పట్టుకోనుంటి మేడమ్. లోపలికి గుంజితే గుండీ తెగిపాయె.”

“ఈ సంగతి సంజాయిషీలో ఎందుకు చెప్పలేదు?”

“ఏమన్నావని అడిగినారు, చెప్తి. చెయ్యి సంగతి ఎవురూ అడగల్యా.”

ఆమె కాగితం ముందుకు జరుపుకున్నారు. తర్వాత, అభిప్రాయం రాస్తాను గానీ ఒక షరతు, బస్సులో ‘ఒరే’ వదిలేయాలి, ‘అండీ’ చేర్చాలి అన్నారు. మస్తాన్‌వలి లేచి నిలబడి, ఊపిరి పీల్చుకుని, మూడు రోజుల చదువునంతా కూడగట్టుకున్నాడు.

“సచ్చిపోతారండీ. దయచేసి లోపలికి రండి.”

సుభద్రగారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వారు. ‘ప్రజలతో మాట్లాడటానికి తగును’ అని రాసి సంతకం చేశారు. ఆ మాట పట్టుకుని మేము ఏదో రాజ్యం గెలిచిన సైన్యం మాదిరి తిరిగొచ్చాము. దారిలో ఓబులేసు కొట్టిన హారన్లకు చెన్నూరులో ఎద్దులు తాళ్లు తెంపుకున్నాయి. రెండో వారంలో విచారణ ముగిసి, మస్తాన్‌వలి పులివెందుల బండి ఎక్కాడు. ఆ రూటులో ముసలమ్మలు ‘అండీ’ వినగానే ఈయనకేదో జబ్బు చేసిందని రెండు రోజులు కంగారుపడ్డారని విన్నాను.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు, దురుసు మాటల ఫిర్యాదు ఏది వచ్చినా, కండక్టరు ఏమన్నాడని అడగడానికి ముందే ఇంకొకటి అడిగేవాణ్ణి: ఆ మాట అన్నప్పుడు నీ చెయ్యి ప్రయాణికుణ్ణి లోపలికి లాగుతోందా, బయటికి నెడుతోందా? నెట్టినవాడికి ఛార్జిషీటు ఇచ్చాను. లాగినవాడికి ‘అండీ’ నేర్పి బస్సెక్కించాను.